పెళ్లి కాని ఇంటివాడు

మన భాషలో పెళ్లి చేసుకున్న మగవాణ్ని ఒక ఇంటివాడయ్యాడంటారు. చిన్నప్పుడు పెద్దవాళ్లు ఆ మాట అంటుంటే ముచ్చటగా వినేవాణ్ని. నాకిప్పుడు 43 ఏళ్లు. 19 ఏళ్లుగా లారీ నడుపుతున్నాను. పెళ్లి కాలేదు, ఇక చేసుకోవాలన్న ఆలోచన కూడా లేదు. జడ్చర్లలో అద్దె గది కోసం వీధి వీధీ తిరిగిన రోజుల్లో ఆ పాత మాట పదే పదే గుర్తొచ్చేది. భార్యాపిల్లలు లేనివాడికి ఇంటితో పనేమిటని గేటు దగ్గర నిలబడి ఇంటి యజమానులు అడిగారు. మా అన్నయ్య అడిగాడు. నాతో పాటు బండి నడిపేవాళ్లూ అడిగారు.

తోటి డ్రైవర్ల ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. కొత్తకోట దాటాక ఒక ధాబా దగ్గర నులక మంచం మీద కూర్చుని, నాకన్నా పదేళ్లు చిన్నవాడొకడు ఫోనులో లెక్క వేసి చూపించాడు. గది అద్దె 3,500. నేను నెలలో అక్కడ పడుకునేది 6 రాత్రులు. అంటే రాత్రికి 580 రూపాయల పైన పడుతోంది. "అన్నా, అంతకన్నా తక్కువకే లాడ్జి దొరుకుతుంది. అది కూడా ఎందుకు, క్యాబిన్‌లో పడక ఉంది కదా" అన్నాడు. అతని భాగహారం సరిగ్గానే ఉంది. కానీ అద్దెను నేను నిద్రపోయిన రాత్రులతో ఎందుకు భాగించాలి? నేను లేని 24 రోజులూ కూడా ఆ గది నా పని చేస్తూనే ఉంటుంది. ఆ పని ఏమిటో, గది లేని నాలుగేళ్లు గడిపాక తెలుసుకున్నవాణ్ని నేను.

2017లో అమ్మ పోయింది. ఊళ్లో ఉన్నది రెండు గదుల ఇల్లు. అన్నయ్య, వదిన, ఇద్దరు పిల్లలు. ఆడపిల్ల ఎదుగుతోంది. నేను వెళితే పిల్లలు వరండాలో పడుకోవాల్సి వచ్చేది. పొమ్మని ఎవరూ అనలేదు, నేనే వెళ్లడం తగ్గించాను. అప్పటి నుంచి బండే ఇల్లయింది. బట్టలు ఒక సంచిలో, సంచి లారీ ఓనరు ఆఫీసులో. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి సీటు కింద దాచుకునేవాణ్ని. 2020 అక్టోబరు వానలకు, బండి ముందు అద్దం పైన ఉన్న రబ్బరు సందులోంచి నీరు కారి, ఆ కవరులోకి దిగింది. నేను చూసేసరికి రెండు రోజులు గడిచాయి. ఆధార్ కార్డు బాగానే ఉంది. పదో తరగతి మెమో, అమ్మ మరణ ధ్రువపత్రం ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇంజను వేడికి ఆరబెట్టి, బ్లేడు అంచుతో మెల్లగా విడదీశాను. అమ్మ పేరులో సగం అక్షరాలు మెమో వెనక్కి వచ్చేశాయి, తిరగబడి.

ఆ కాగితం మళ్లీ తీసుకోవచ్చు, తీసుకున్నాను కూడా. అయితే ఆ రోజు బండి పక్కన నిలబడి ఒక సంగతి ఆలోచించాను. ఈ దేశంలో నా పేరు మీద ఒక అల్మారా లేదు. వాన పడితే తడవని రెండడుగుల చోటు లేదు. నెలకు 10 వేల కిలోమీటర్లు తిరిగేవాడికి ఎక్కడో ఒకచోట కదలనిది ఒకటి ఉండాలి.

అది ఎక్కడ ఉండాలన్నది తర్వాతి ప్రశ్న. చాలామంది డ్రైవర్లు ఇక్కడే పొరబడి డబ్బు పోగొట్టుకుంటున్నారని నా అభిప్రాయం. అద్దె తక్కువగా ఉన్న ఊరు చూసుకుంటారు, లేదా పుట్టిన ఊరికే వెళతారు. నేను రెండూ చేసి చూశాను.

పుట్టిన ఊరి సంగతి చూద్దాం. మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో, జాతీయ రహదారికి 35 కిలోమీటర్లు లోపలికి ఉన్న పల్లె. అద్దె లేదు కాబట్టి ఖర్చు లేదనుకుంటాం. ఖాళీ బండితో వెళ్లి రావడానికి 70 కిలోమీటర్లు. ఖాళీగా నడిపితే నా బండి లీటరుకు 5 కిలోమీటర్లు ఇస్తుంది. 14 లీటర్లు. డీజిల్ లీటరు 95 రూపాయలు దాటింది కాబట్టి ఒక్కసారి ఊరికి వెళ్లి రావడానికి 1,300 పైమాటే. ఆ డీజిల్ ఓనరు ఇవ్వడు, ఇవ్వమనడం న్యాయం కూడా కాదు. నెలకు నాలుగుసార్లు వెళితే 5,300. జడ్చర్ల గదికి నేను కట్టేది 3,500. ఉచితమనుకున్న ఇల్లు అద్దె గది కన్నా ఖరీదు. బండి రహదారి మీద వదిలి బస్సులో వెళ్లొచ్చు కదా అంటారేమో. రాత్రి ఒంటిగంటకు దిగినవాడికి మా పల్లెకు బస్సు ఉండదు. తెల్లారి బస్సు ఎక్కి చేరేసరికి సెలవులో సగం రోజు పోతుంది.

హైదరాబాద్ శివార్ల గురించి ఎక్కువ రాయను. అక్కడ ఒంటి గదికి నేను విన్న అద్దెలు జడ్చర్ల అద్దెకు దాదాపు రెట్టింపు. పగటిపూట పెద్ద బండ్లు నగరంలోకి రాకూడదు. గది దొరికినా బండి ఒకచోట, నేను ఒకచోట.

ఇక అద్దె తక్కువగా ఉన్న ఊరు. 2021లో చౌటుప్పల్ నుంచి మునుగోడు వైపు వెళ్లే దారిలో ఒక ఊళ్లో 1,800కు గది తీసుకున్నాను. విజయవాడ రోడ్డు దగ్గర, మనుషులు మంచివాళ్లు, అద్దె చౌక. ఏడాదిలో వదిలేశాను. కారణం నీళ్లు. నల్గొండ జిల్లాలో నీళ్ల గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. నీటిలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపే పద్ధతికే నల్గొండ పేరు పెట్టారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన బోర్ల నీళ్లు తాగి వంగిపోయిన నడుములు, వంకర పోయిన కాళ్లు ఆ ప్రాంతంలో రెండు తరాలు చూశాయి. మిషన్ భగీరథ వచ్చాక ఊరూరికీ కృష్ణా నీళ్లు అందాయి, ఆ మేలు నేను కళ్లారా చూశాను. ఆ పథకం పైలాన్ స్తంభాన్ని 2015లో చౌటుప్పల్‌లోనే కట్టారు. అయితే ఆ కుళాయి నీళ్లు వేళకు వస్తాయి. వేళకు ఇంట్లో ఎవరైనా ఉండి పట్టుకోవాలి. నేను తెల్లారి ఏ సేలం దగ్గరో ఉంటాను. రెండు రోజుల సెలవులో గదికి వచ్చి చూస్తే బిందె ఎండిపోయి ఉండేది, స్నానాల గదిలో బోరు నీళ్లు మాత్రం ధారగా వచ్చేవి. అలసటలో అవే తాగేసిన రోజులున్నాయి. ఒంటరివాడు గది చూసుకునేటప్పుడు అద్దె కన్నా ముందు అడగాల్సింది ఇదే: నేను లేనప్పుడు నా బిందె ఎవరు నింపుతారు? ఈ ప్రశ్న అడగడానికి నాకు ఒక ఏడాది పట్టింది.

తర్వాత ఒక రోజు కాగితం మీద మూడు గీతలు గీశాను. దక్షిణ తెలంగాణ డ్రైవరుకు ఈ మూడు జాతీయ రహదారులే ముఖ్యం. హైదరాబాద్ నుంచి కర్నూలు మీదుగా బెంగళూరు వెళ్లే 44, హైదరాబాద్ నుంచి సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ వెళ్లే 65. 2010లో నంబర్లు మార్చక ముందు వీటిని 7, 9 అనేవాళ్లం, పాతవాళ్లం ఇప్పటికీ అలాగే అంటాం. ఈ రెండింటినీ కింద నుంచి కలిపేది 167. జడ్చర్లలో 44ను వదిలి కల్వకుర్తి, మల్లేపల్లి, మిర్యాలగూడ మీదుగా కోదాడలో 65ను తాకుతుంది. మూడూ కలిపితే ముక్కోణం. పై మూల హైదరాబాద్, అక్కడ మనం బతకలేం. మిగిలినవి రెండు మూలలు.

సిమెంటు, బియ్యం మాత్రమే తోలేవాళ్లకు కోదాడ మూల మంచిది. మేళ్లచెరువు, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు, మిర్యాలగూడ రైస్ మిల్లులు అటే ఉన్నాయి. నా బండికి బెంగళూరు, నాగపూర్ లోడ్లు ఎక్కువ. మధ్యలో మిర్యాలగూడ బియ్యం. నాకు జడ్చర్ల మూల సరిపోయింది. లోడు దించి ఉత్తరం నుంచి వచ్చినా, దక్షిణం నుంచి వచ్చినా, తూర్పు నుంచి వచ్చినా అది దారిలోనే తగులుతుంది. నా గది కోసం నేను ఒక్క లీటరు డీజిల్ అదనంగా కాల్చను. బాదేపల్లి మార్కెట్, పోలేపల్లి ఫ్యాక్టరీలు ఉండడం వల్ల టైర్ల షాపులు, మెకానిక్కులు, లారీ ఆఫీసులు రోడ్డు పొడవునా ఉన్నాయి. రైల్వే స్టేషను ఉంది. బండి హైదరాబాద్‌లో మరమ్మతుకు పెడితే రైల్లో వచ్చేయవచ్చు. మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రి అరగంట దూరం. నాకు రెండేళ్లుగా బీపీ ఉంది. ఎప్పుడూ ఒకే చోట చూపించుకుంటే, నా చీటీ ఒకే చోట ఉంటే, మాత్రలు మధ్యలో ఆగవు. ఊరికో మందుల షాపులో కొనుక్కున్న రోజుల్లో నెలకు పది రోజులు మానేసేవాణ్ని.

ఊరు తేల్చుకున్నాక గది చూసుకోవాలి. తర్వాత వచ్చే డ్రైవర్లకు పనికొస్తుందని కొన్ని చెబుతాను. రేకుల గది తీసుకోవద్దు. మనం చాలాసార్లు పగలు నిద్రపోతాం. పాలమూరు అని పిలుచుకునే ఈ మహబూబ్‌నగర్ ఎండల్లో, ఏప్రిల్ మధ్యాహ్నం రేకుల కింద పడుకుని లేచినవాడు ఆ రాత్రి స్టీరింగ్ పట్టుకుంటే అది అతనికీ, ఎదురొచ్చే బండికీ ప్రమాదమే. పై అంతస్తు కన్నా కింది గది నయం. కిటికీ రోడ్డు వైపు ఉండకూడదు. బండిని ఇళ్ల మధ్య వీధిలో పెట్టనివ్వరు, పెట్టకూడదు కూడా. ఎప్పుడూ ఒకే బంకులో డీజిల్ పోయించుకుంటే వాళ్లు లైట్ల కింద చోటు ఇస్తారు. లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ గానీ, ట్యాంకులో డీజిల్ గానీ ఉండదు. ఆ బంకు నుంచి గదికి పది నిమిషాల నడక దాటకూడదు. అద్దె మన రాబడిలో ఆరో వంతు దాటకూడదని నేను పెట్టుకున్న లెక్క. జీతం, బత్తా కలిపి నాకు 24 వేల దాకా వస్తుంది. అద్దె, కరెంటు కలిపి 3,800. చిన్నదైనా ఒప్పంద పత్రం రాయించుకోవాలి. సాధారణంగా అందరూ 11 నెలలకే రాస్తారు. ఆ కాగితమే మన చిరునామాకు పునాది.

గది దొరకడం మాత్రం ఇంత సులువుగా జరగలేదు. ఏడు ఇళ్లు తిరిగాను. నాలుగింటికి "ఫ్యామిలీలకు మాత్రమే" అన్న బోర్డు ముందే ఉంది. ఒకాయన డ్రైవర్ అనగానే "తాగుతారు" అన్నాడు. నేను తాగను, కానీ ఆ మాట గేటు బయట నిలబడి నిరూపించుకోవడం ఎలా? ఇంకొకాయన "రాత్రి రెండింటికి వస్తే గేటు ఎవరు తీస్తారు" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న, దానికి పక్క గేటు తాళం చెవి అనే న్యాయమైన జవాబూ ఉంది. ఆయన జవాబు వినలేదు. ఆ రోజు నాకు కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. ఇది పాలమూరు. ఇంటికి తాళం వేసి ముంబై బస్సు ఎక్కడం ఇక్కడ తరతరాల సంగతి. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మట్టి మోసింది ఈ జిల్లా వాళ్లే. ఆరు నెలలు ఇంట లేని మనిషి ఇంటివాడు కాకుండా పోడని ఈ జిల్లాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఎనిమిదో ఇంటి పెద్దావిడకు తెలుసు. వెనక వైపు ఒక గది, ముందు వేప చెట్టు. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. చాటలో వేరుశనగలు వలుస్తూ తల ఎత్తకుండానే అడిగింది.

"నెలకు ఎన్ని రోజులు ఉంటావు నాయనా?"

"ఆరేడు రోజులు పెద్దమ్మా."

"మిగతా రోజులు ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. తాళం వేసి ఉంటుంది."

అప్పుడు నా వైపు చూసింది. "మా ఆయన ముంబైలో ఇరవై ఏళ్లు మట్టి పని చేశాడు. ఆర్నెల్లకోసారి వచ్చేవాడు. అయినా ఇది ఆయన ఇల్లే కదా" అంది. తర్వాత నీళ్ల గురించి అడిగింది. ఎన్ని బకెట్లు వాడతావు, బట్టలు ఎక్కడ ఉతుకుతావు, గ్రీజు మరకలు బండ మీద పడనిస్తావా. అన్నింటికీ జవాబు చెప్పాను. నా వంతుగా బిందె సంగతి అడిగాను. "కుళాయి వస్తే నీదీ పట్టి పెడతా, దానిదేముంది" అంది. ఆ మాట విన్నాక అద్దె బేరం ఆడబుద్ధి కాలేదు.

2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు మనుషులు వచ్చినప్పుడు నేను కృష్ణగిరి దగ్గర ఉన్నాను. పెద్దమ్మ నాకు ఫోను చేయించింది. వివరాలు చెప్పాను, వాళ్లు రాసుకున్నారు. వారం తర్వాత రాత్రి వచ్చి ఫోను లైటు వేసి చూస్తే, నా తలుపు మీద సర్వే స్టిక్కరు అంటించి ఉంది. ఆవిడ ముందు తలుపు మీద ఒకటి, వెనక నా తలుపు మీద ఇంకొకటి. చేత్తో తడిమి చూశాను. ఆ ధాబా తమ్ముడి లెక్కలో ఈ స్టిక్కరును ఎన్ని రాత్రులతో భాగించాలి?

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో ఒక చట్టం చేశారు. డ్రైవర్లు రాత్రి ఆగాల్సిన చోట యజమాని విశ్రాంతి గదులు ఏర్పాటు చేయాలని అందులో ఉంది. అయితే అది అయిదుగురు, ఆపైన కార్మికులున్న సంస్థలకే వర్తించేది. మా ఓనరుకు ఉన్నవి రెండు బండ్లు. నేను ఇన్నేళ్లలో పనిచేసిన ఓనర్లలో ఎవరి దగ్గరా అయిదుగురు డ్రైవర్లు లేరు. తర్వాత ఆ చట్టాన్ని 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిపేశారు. పెట్రోలు కంపెనీలు కొన్ని బంకుల్లో 'అప్నా ఘర్' పేరుతో డ్రైవర్లకు మంచాలు, స్నానాల గదులు పెట్టాయి. మంచి పని, నేను వాడుకుంటాను. కానీ అక్కడ దొరికేది ఒక పూట నిద్ర. అక్కడికి ఉత్తరం రాదు, అక్కడ పెట్టె వదిలి వెళ్లలేను. రాష్ట్రంలో ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు ఇస్తున్నారు, ఇంటి ఆడవాళ్ల పేరు మీద మంజూరు చేస్తున్నారు. ఆ నిబంధన సరైనదే. మా వదిన లాంటి వాళ్లకు పేరు మీద ఒక ఇల్లు ఉండాలని మనసారా కోరుకుంటాను. నాలాంటివాడికి సొంత జాగా లేదు, ఇంట్లో ఆడదిక్కు లేదు. నాకు కావలసింది సొంత ఇల్లు కూడా కాదు. వలస కార్మికులకు తక్కువ అద్దెకు ఇళ్లివ్వాలని కేంద్రం 2020లోనే ఒక పథకం తెచ్చింది. అందులో జడ్చర్ల, కోదాడ, నార్కట్‌పల్లి లాంటి కూడళ్లలో డ్రైవర్ల కోసం నెల అద్దెకు చిన్న గదులు కట్టండి. గోడకు అల్మారా, బండికి చోటు, తలుపుకు నంబరు ఉంటే చాలు. బండ్లు నిలిపే స్థలాలకు రోడ్ల పక్కన ఎకరాలు దొరుకుతున్నప్పుడు, వాటిని నడిపేవాళ్లకు నాలుగు గోడలు దొరకవంటే నేను నమ్మను.

అప్పటిదాకా గదులు ఇవ్వాల్సింది మామూలు ఇళ్లవాళ్లే. వాళ్లకు నేను చెప్పేది ఇంతే. నెలకు 24 రోజులు చప్పుడు చేయని, నీళ్లు వాడని, అద్దె ఒకటో తారీఖున ఫోనులో వేసే కిరాయిదారు మీకు ఇంకెక్కడ దొరుకుతాడు? బోర్డు మీది ఆ మాట చెరిపేసి ఒకసారి గేటు తీసి మాట్లాడండి.

పోయిన నెల పెద్దమ్మ మేడ మెట్ల కింద ఉన్న సామాన్ల గది ఖాళీ చేయించింది. చిన్నదే, కానీ స్లాబు ఉంది, కిటికీ వీధి వైపు లేదు. ధాబా దగ్గర లెక్క వేసిన తమ్ముడికి ఫోను చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత అద్దె ఎంతని అడిగాడు. 2,500 అన్నాను. అతని లోడు ఇప్పుడు హోసూరులో దిగుతోంది, ఆదివారానికి వస్తాడు. ఈ సంగతి పెద్దమ్మకు చెప్పాను. అతను తాగుతాడా అని గానీ, పెళ్లయిందా అని గానీ అడగలేదు. "నీళ్లు ఎన్ని బకెట్లు వాడతాడు?" అంది.